దొనలో నల్ల పూసల దండ

ప్రశ్న: శేషాచలం అంచున మా మామిడి తోటలో బండ మీద ఓ దొన, అంటే వాన నీళ్ళు నిలిచే రాతి గుంట ఉంది. వాన పడిన మర్నాడు అందులో నల్ల పూసల దండలు తేలాయి. వారం తిరక్కుండానే నల్లటి తోకకప్పలు గుంపులు కట్టాయి. ఇవి ఏ కప్పవి? దొన ఎండేలోపు ఇంటికి తెచ్చి పెంచొచ్చా?
– ఓ పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: దండలంటున్నారు కాబట్టి గోదురు కప్పవి. మామూలు కప్పల గుడ్లు ముద్దగానో, నీటి మీద పొరగానో ఉంటాయి. గోదురు కప్పవి మాత్రం జిగురు దారంలో వరసగా, వేలల్లో వస్తాయి. రెండు మూడు రోజుల్లో పొదిగి, ఐదారు వారాల్లో కప్పలవుతాయి. నీళ్ళు తగ్గే కొద్దీ తొందరపడి, ఇంకా చిన్నగా ఉండగానే గట్టెక్కేస్తాయి.

ఇంటికి తేవద్దు. సాయంత్రం పూట దొనలోనే ఓ బిందెడు బావి నీళ్ళు పోయండి, చాలు. కుళాయి నీళ్ళైతే క్లోరిన్ మొప్పల్ని దెబ్బతీస్తుంది, ఒక రోజు వెడల్పు తొట్టిలో ఉంచి పోయండి.

మరీ అడుగంటితే ఇరవై పిల్లల్ని, పది లీటర్ల దొన నీళ్ళతో బేసిన్‌లో వేసి నీడన పెట్టండి. ఉడికించి పిండిన తోటకూర చిటికెడు వేసి, మిగిలింది సాయంత్రానికి తీసేయండి. ఎక్కువేస్తే నీళ్ళు కంపుకొట్టి, పిల్లలు గాలి కోసం పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. రోజు విడిచి రోజు మూడో వంతు నీళ్ళు మార్చాలి.

మొదట వెనక కాళ్ళు వస్తాయి. ముందు కాళ్ళు చర్మం చాటున పెరిగి ఉన్నట్టుండి బయటపడతాయి. ఎక్కువ పిల్లలు చచ్చేది అప్పుడే. మొప్పలు పోతుంటాయి కాబట్టి, ఎక్కడానికి వాలుగా రాయి లేకపోతే నీళ్ళలోనే మునిగిపోతాయి. ఆ నాలుగు రోజులూ తిండి వద్దు, నోరు మారుతుంటుంది, కరిగే తోకే వాటికి ఆహారం. తోక పోయాక గోరంత కప్పపిల్లల్ని సాయంత్రం దొన గట్టునే వదలండి. అడవి లోపలి దొన అయితే మాత్రం దేన్నీ ముట్టుకోవద్దు.

ప్రశ్న: మా కుక్క గోదురు కప్పను నోట కరిచింది, నురగ కక్కుతోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: కప్ప కళ్ళ వెనక ఉబ్బు గ్రంథుల్ని నొక్కితే పాలలాంటి విషం వస్తుంది. కుక్క తల కిందికి వంచి, నోటి పక్కనుంచి నీళ్ళు పోస్తూ, అవి గొంతులోకి పోకుండా ఐదు పది నిమిషాలు కడగండి. తడిగుడ్డతో చిగుళ్ళు, నాలుక తుడవండి. పాలు, నిమ్మరసం పట్టవద్దు, వాంతి చేయించవద్దు. వణుకు, తూలడం, వాంతులు కనిపిస్తే ఆ విషం గుండెను పట్టిందేమో, పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తండి. కప్పను ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది ఉత్త మాట, చేతులు కడుక్కుంటే సరి.