ఆసుపత్రి ఖర్చు మీ జీతం చీటీలోనే ఉంది

ప్రశ్న: మాది వనపర్తి జిల్లా. కొన్నేళ్లుగా హైదరాబాద్‌ బోరబండలో అద్దెకు ఉంటున్నాం. రేషన్‌ కార్డు ఊరి పేరు మీదే ఉంది. మావారు మూడేళ్లుగా ఒకే ఏజెన్సీలో సెక్యూరిటీ గార్డు. కోతలు పోను రూ.15,500 చేతికి వస్తాయి. నేను అమీర్‌పేటలో ఒక దుకాణంలో బట్టలు కుడతాను, నెలకు రూ.6,000. ఇద్దరు పిల్లలు, పాప నాలుగో తరగతి. నిరుడు మా అత్తమ్మ జారిపడి తుంటి ఎముక విరిగితే ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. అందుకోసం నూటికి ఐదు రూపాయల వడ్డీకి రూ.60,000 తెచ్చాం. ఆమె బీపీ, షుగరు మందులకు, డాక్టరుకు కలిపి రూ.2,300, నా ఆటోకు రూ.1,200, కరెంటుకు రూ.600 అవుతున్నాయి. ఎవరి ముందూ చేయి చాచకుండా, ఇంత పెద్ద నగరంలో మాలాంటివారికి అందే సాయం ఏదైనా ఉందా? మావారి జీతం చీటీ ఫొటో జత చేస్తున్నాను.
- ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా. అందులో అన్నిటికంటే పెద్దదానికి మీరు నెలనెలా డబ్బు కడుతూనే ఉన్నారు. మీరు పంపిన చీటీని మరోసారి చూడండి. మొత్తం జీతం రూ.17,600. అందులో పీఎఫ్‌ రూ.1,800, వృత్తి పన్ను రూ.150 పోతున్నాయి. ఆ కింద ‘ఈఎస్‌ఐ’ అని రూ.132 ఉంది. అది ఉద్యోగుల ఆరోగ్య బీమా. నెల జీతం రూ.21,000 దాటని ఉద్యోగుల నుంచి 0.75 శాతం ఇలా మినహాయిస్తారు. యజమాని తన వంతుగా మరో 3.25 శాతం, అంటే మీవారి విషయంలో రూ.572 జమ చేయాలి. రెండూ కలిపితే నెలకు రూ.704 మీ కుటుంబ వైద్యం కోసం వెళ్తున్నాయి. ఈ బీమా మీవారు ఒక్కరికే కాదు, మీకు, పిల్లలకు, ఆయన మీద ఆధారపడిన తల్లికి కూడా వర్తిస్తుంది. ఆమె సొంత ఆదాయం నెలకు రూ.9,000 దాటకపోతే చాలు. ఇంత హక్కు చేతిలో ఉంచుకుని మీరు ఐదు రూపాయల వడ్డీకి అప్పు చేయాల్సి వచ్చిందంటే నాకు నిజంగా బాధగా ఉంది. ఆయనను పనిలో పెట్టుకున్నరోజే ఏజెన్సీ ఈ మాట చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు చేయాల్సిన పని ఇది. ఏజెన్సీ కార్యాలయంలో మీవారి ఈఎస్‌ఐ బీమా నంబరు అడిగి తీసుకోండి. అది పది అంకెలు ఉంటుంది. కుటుంబ సభ్యుల వివరాల్లో అత్తమ్మ పేరు, ఆధార్‌ చేరాయో లేదో చూడండి. చాలా ఇళ్లలో భార్యాపిల్లల పేర్లు ఎక్కించి తల్లిదండ్రులను వదిలేస్తారు. పేరు చేరాక మీకు కేటాయించిన ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో చూపించుకోవచ్చు, మందులు అక్కడే ఉచితంగా ఇస్తారు. పెద్ద సమస్య అయితే సనత్‌నగర్‌ ఈఎస్‌ఐ ఆసుపత్రి మీకు దగ్గరే. జీతంలో కోసిన సొమ్మును ఏజెన్సీ అసలు జమ చేయడం లేదని తేలితే ఆదర్శ్‌నగర్‌లోని ఈఎస్‌ఐ ప్రాంతీయ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆ ఫిర్యాదుకు జీతం చీటీలే సాక్ష్యం. వాటిని పారేయకండి.

ఈ పేరు చేర్చే పని ఒక్కరోజులో తేలకపోవచ్చు. అంతవరకు మీ బస్తీ దవాఖానాకు వెళ్లండి. 2018 నుంచి నగరంలో నడుస్తున్న ఈ దవాఖానాల్లో డాక్టరు చూస్తారు, బీపీ, షుగరు మందులు ఇస్తారు, రక్త నమూనా తీసుకుని ప్రభుత్వ ల్యాబుకు పంపిస్తారు. ఎక్కడా డబ్బు కట్టక్కర్లేదు. మామూలు మందుల కోసం గాంధీకో ఉస్మానియాకో వెళ్లి వరుసలో నిలబడితే మీకు ఒకరోజు కుట్టుపని పోతుంది. ఆ కూలి నష్టాన్ని కూడా ఖర్చు కిందే లెక్కవేయాలి. అందుకే ఉచిత సాయాల్లో ఇంటికి దగ్గర ఉన్నవాటినే నేను ముందు ఎంచుకోమంటాను.

ఆటో మానేసి బస్సెక్కండి. 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో తెలంగాణ మహిళలకు టికెట్టు లేదు. ఆధార్‌ చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. రద్దీ సంగతి నాకు తెలుసు. పొద్దున ఓ అరగంట ముందు బయల్దేరితే నెలకు రూ.1,200 మిగులుతాయి.

రేషన్‌ బియ్యం కోసం వనపర్తి వెళ్లనవసరం లేదు. వేలిముద్ర వేస్తే బోరబండలోని చౌకధరల దుకాణంలోనూ ఇస్తారు. కార్డులో పేరున్న ఒక్కొక్కరికి 6 కిలోల సన్నబియ్యం వస్తుంది. అదే కార్డుతో నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతికి దరఖాస్తు చేయవచ్చు, అద్దెకు ఉన్నవారూ అర్హులే. మీ వాటాకు వేరే మీటరు ఉంటే బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబరు, ఆధార్‌, రేషన్‌ కార్డు తీసుకుని మున్సిపల్‌ సర్కిల్‌ కార్యాలయానికి వెళ్లండి. ఇంటి యజమానికి ముందే ఒక మాట చెప్పడం మంచిది.

మీవారు డ్యూటీలో బయట తినాల్సి వస్తే ఐదు రూపాయల భోజనం ఉంది. 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలైన ఈ కేంద్రాలు ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లయ్యాయి. అక్కడ ఎవరైనా తినవచ్చు, కార్డు అడగరు. పాప నాలుగో తరగతి అన్నారు కాబట్టి, గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్ష ప్రకటన కోసం చూస్తూ ఉండండి. సీటు వస్తే చదువు, వసతి, భోజనం అన్నీ ఉచితం.

చేయి చాచడం గురించి రాశారు. ఈఎస్‌ఐకి మీరు ప్రతినెలా కట్టారు. మిగతావి మీరు కొనే ప్రతి వస్తువు మీద కట్టే పన్నులతో నడిచేవే. దయచేసి మొహమాటపడకండి. ఇవన్నీ చేయిస్తానని రెండు వేలు, మూడు వేలు అడిగేవారిని మాత్రం గుమ్మం ఎక్కనివ్వకండి.

ఇక అప్పు. మందులు, ఆటో, కరెంటు కలిపి రూ.4,100 మిగిలితే, ఇప్పుడు కడుతున్న రూ.3,000 వడ్డీకి దాన్ని చేర్చి నెలకు రూ.7,100 కట్టండి. పన్నెండో నెలకు అప్పు తీరిపోతుంది. ఇంకా తొందరగా వదిలించుకునే దారి మీవారి పీఎఫ్‌. నెలకు రూ.1,800 చొప్పున మూడేళ్లకు ఆయన వాటానే రూ.64,800 జమై ఉండాలి. మామూలుగా పీఎఫ్‌ ముట్టుకోవద్దనే చెబుతాను. కానీ ఈమధ్య దాని మీద వచ్చింది ఏడాదికి 8.25 శాతం, మీరు కడుతున్నది ఏడాదికి 60 శాతం. కుటుంబ సభ్యుల వైద్యం కోసం ముందస్తుగా కొంత తీసుకునే వీలుంది. కేంద్ర ప్రభుత్వ ఉమంగ్‌ యాప్‌లో దరఖాస్తుకు రుసుము లేదు. రూ.30,000 తీసి అసలు కింద కడితే మిగిలింది ఐదు నెలల్లో ముగుస్తుంది.

దీంతోపాటు మీ బస్తీలోని పొదుపు సంఘంలో చేరండి. కొత్త సంఘమైతే ఆరు నెలలు క్రమంగా పొదుపు చేశాక బ్యాంకు రుణానికి అర్హత వస్తుంది. మళ్లీ ఏదైనా ఆపద వస్తే ఐదు రూపాయల వడ్డీ గడప తొక్కాల్సిన పని ఉండదు.

అసలులో కొంత కట్టిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనక తేదీతో, సంతకంతో చెల్లు రాయించండి. నోటి మాట నమ్మకండి. అప్పిచ్చినవారు చెల్లు వేయనన్నా, బెదిరించినా 15100కు ఫోన్‌ చేయండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ప్రతి మహిళకూ ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. చివరి వాయిదా కట్టినరోజే నోటును, ఖాళీ చెక్కు ఏదైనా ఇచ్చి ఉంటే దాన్ని కూడా వెనక్కి తీసుకున్నాకే ఇంటికి రండి.