మైనింగ్ యంత్రానికి పవర్ సప్లై: ఆరు నెలల ఇంటి ఖర్చును కరిగించి కొనవలసినదేనా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. గుంటూరులో కంప్యూటర్ల రిపేరు దుకాణం నడుపుతున్నాను. నెలకు సగటున 62,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి రుణం వాయిదాతో కలిపి ఇంటి ఖర్చు 38,000. భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ నా మీదే ఆధారపడి ఉన్నారు. బ్యాంకులో 2,30,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. బిట్‌కాయిన్ మైనింగ్ చేసే (రాత్రింబవళ్లు లెక్కలు కట్టి ఆ డిజిటల్ నాణేలు సంపాదించే), ఇదివరకే వాడిన యాంట్‌మైనర్ ఎస్19 యంత్రాలు రెండు, ఒక్కొక్కటి 95 టెరాహాష్‌లవి (సెకనుకు 95 లక్షల కోట్ల లెక్కలు చేసేవి), హైదరాబాద్‌లో ఒకరి దగ్గర రెండూ కలిపి 1,20,000కు వస్తున్నాయి. 5,000 బయానా ఇచ్చాను. వాటి పవర్ సప్లైలు (ఇంటి కరెంటును యంత్రానికి తగిన వోల్టేజీకి మార్చే పెట్టెలు) కాలిపోయాయి. ఒక్కో యంత్రానికి కొత్త ఒరిజినల్ పవర్ సప్లై 26,000, రిపేరు చేసినది 10,000 చెబుతున్నారు. పాత సర్వర్ల పవర్ సప్లైలు రెండు జత చేస్తే 7,000తో సరిపోతుందని అంటున్నారు. యంత్రాల కోసం అమ్మ, భార్య నగలను నూటికి రూపాయిన్నర వడ్డీకి కుదువపెట్టి, పవర్ సప్లైలకు, వైరింగుకు డిపాజిట్‌లోంచి 80,000 తీద్దామనుకుంటున్నాను. యంత్రాలను ఇంట్లో మేడమీద గదిలో పెడతాను. ఇంటి కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటుతుంది, కాంట్రాక్టెడ్ లోడ్ (కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ భారం) 3 కిలోవాట్లు. ఏ పవర్ సప్లై తీసుకోవాలి?

జవాబు: మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం మైనింగ్ కాదు. అప్పు తేవాలన్న నిర్ణయం, డిపాజిట్‌ను ముట్టుకోవాలన్న నిర్ణయం ముందే జరిగిపోయి, ఆ తర్వాత ఏ పరికరం చవక అనే చిన్న ప్రశ్న మాత్రమే సలహాదారు దగ్గరికి రావడం నేను పదేపదే చూస్తున్నాను. కోళ్ల ఫారం పెట్టేవారు మేత రకం గురించి, ట్యాక్సీ కొనేవారు టైర్ల గురించి అడిగినట్టే మీరు పవర్ సప్లై గురించి అడిగారు. మీ ప్రశ్నకు సూటిగానే సమాధానం ఇస్తాను. అయితే మీ కుటుంబాన్ని కాపాడేది ఆ సమాధానం కాదు.

సర్వర్ పవర్ సప్లైల ఆలోచనను పూర్తిగా పక్కన పెట్టండి. ఇదే రకంలో పాతవైన ఎస్9 యంత్రాలకు అది నడిచింది. వాటికి స్థిరమైన 12 వోల్టులు ఇచ్చే ఏ మంచి పవర్ సప్లై అయినా, తగినన్ని ఆరు పిన్నుల కేబుళ్లు ఉంటే సరిపోయేది. ఎస్19కి వచ్చే పవర్ సప్లై వేరు. అది 12 నుంచి 15 వోల్టుల మధ్య, యంత్రం కంట్రోల్ బోర్డు అడిగినంత వోల్టేజీ ఇస్తుంది, బోర్డుతో నిరంతరం సంకేతాలు పంచుకుంటుంది. స్థిరమైన 12 వోల్టుల సర్వర్ సప్లై ఆ పని చేయలేదు. ఎవరైనా తిప్పలు పడి రెండింటిని సమాంతరంగా కలిపినా, ఒకటి ఆగిన క్షణంలో భారమంతా రెండోదాని మీద పడుతుంది. రిపేరు చేతికి వచ్చినవారు కాబట్టి ఇది మీకు నేను విడమరచి చెప్పనక్కరలేదు.

రిపేరు చేసిన సప్లై మీద మిగిలే 16,000 రూపాయలు కూడా నిజమైన మిగులు కాదు. యంత్రంలో లెక్కలు చేసే హ్యాష్ బోర్డులకు చేరవలసిన కరెంటు సుమారు 3,050 వాట్లు అనుకుందాం. 94 శాతం సామర్థ్యం ఉన్న సప్లై దానికోసం మీటరు నుంచి 3,245 వాట్లు తీసుకుంటే, కెపాసిటర్లు వయసుడిగి 89 శాతానికి దిగినది 3,427 వాట్లు తీసుకుంటుంది. రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే యంత్రం కాబట్టి ఆ 182 వాట్ల తేడా నెలకు 131 యూనిట్లు అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఖరారైన గృహ టారిఫ్ ప్రకారం 400 యూనిట్లు దాటిన వాడకానికి యూనిట్ 9.75 రూపాయలు. అంటే నెలకు దాదాపు 1,280 రూపాయలు అదనంగా కట్టాలి. కొనేటప్పుడు ఆదా అయిందనుకున్న 16,000 ఏడాదికి కొద్దిగా అటూ ఇటూగా కరెంటు బిల్లులోనే పోతుంది. పైగా ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు చుట్టూ వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. ఈ యంత్రానికి పరిసరాల వేడి 40 డిగ్రీలు దాటకూడదని తయారీదారు హద్దు పెట్టాడు. మే నెలలో మీ ఊళ్లో మేడమీద గది ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. ఆ గదిలోకి రెండు యంత్రాలు కలిసి మరో ఆరున్నర కిలోవాట్ల వేడిని వదులుతాయి.

కాబట్టి పవర్ సప్లై వరకే అడిగితే కొత్త ఒరిజినల్‌దే కొనాలి. అయితే దానితోనే ఖర్చు ఆగదు. 3,250 వాట్ల యంత్రం 230 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు లాగుతుంది. వేసవి సాయంత్రం వోల్టేజీ 200కు పడితే అదే యంత్రం 16 ఆంపియర్లు దాటుతుంది, అంతకన్నా పడితే అది పనిచేయవలసిన హద్దే దాటిపోతుంది. గంటల తరబడి ఆగకుండా నడిచే భారాన్ని తీగ, సాకెట్ల సామర్థ్యంలో 80 శాతానికి మించనివ్వకూడదన్నది ఎలక్ట్రీషియన్లు పాటించే పద్ధతి. ఆ లెక్కన గీజరుకు వాడే 16 ఆంపియర్ల సాకెట్ కూడా దీనికి చాలదు. ఒక్కో యంత్రానికి మీటరు బోర్డు నుంచి విడి రాగి తీగ, విడి ఎంసీబీ, సరైన ఎర్తింగ్ కావాలి. మీ ఇంటి కాంట్రాక్టెడ్ లోడ్ 3 కిలోవాట్లని ఉత్తరం చివర రాశారు. ఒక్క యంత్రమే దాన్ని దాటుతుంది.

గృహ సర్వీసు మీద వ్యాపారం నడపడం ఇంకా పెద్ద ప్రమాదం. 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ ప్రకారం, సర్వీసు ఇచ్చిన అవసరానికి కాక మరో అవసరానికి కరెంటు వాడితే వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వసూలు చేయవచ్చు. ఎప్పటి నుంచి వాడారో తేలకపోతే, తనిఖీకి ముందరి 12 నెలలకు ఆ లెక్క కట్టవచ్చు. రెండు యంత్రాలకు నెలకు 4,680 యూనిట్లు అవుతాయి. మీ ఇంటి వాడకమే నెలకు 300 దాటుతోంది కనుక ఇవి దాదాపు మొత్తం చివరి శ్లాబులో పడతాయి. సర్దుబాటు ఛార్జీలు వదిలేసినా బిల్లు 45,000 పైమాటే. అంటే మీ ఇంటి మొత్తం ఖర్చు కన్నా ఎక్కువ. రెట్టింపు లెక్కన 12 నెలలకు ఎంతవుతుందో మీరే గుణించి చూడండి.

ఇప్పుడు రాబడి చూద్దాం. 2024 ఏప్రిల్‌లో జరిగిన హాల్వింగ్ (కొత్త నాణేల జారీ సగానికి తగ్గే ఘట్టం) తర్వాత ప్రపంచం మొత్తం మీద మైనర్లకు దక్కే కొత్త బిట్‌కాయిన్లు రోజుకు సుమారు 450 మాత్రమే. నెట్‌వర్క్ మొత్తం సామర్థ్యం 2025లో 900 ఎక్సాహాష్‌లు (ఒక ఎక్సాహాష్ అంటే పది లక్షల టెరాహాష్‌లు) దాటింది. మీకు అనుకూలంగా ఉండేలా సరిగ్గా 900 అనే పెట్టుకుందాం. అప్పుడు మీ 95 టెరాహాష్‌ల యంత్రానికి రోజుకు దక్కే వాటా 0.0000475 బిట్‌కాయిన్. ఆ యంత్రం రోజుకు తాగే 78 యూనిట్ల కరెంటుకు 760 రూపాయలు. ఆ కరెంటు ఖర్చు ఒక్కటే రావాలన్నా ఒక బిట్‌కాయిన్ ధర 1 కోటి 60 లక్షలు ఉండాలి. 2025 అక్టోబరులో అది చేరిన గరిష్ఠ ధర సుమారు 1,26,000 డాలర్లు, మన లెక్కలో 1 కోటి 10 లక్షల పైచిలుకు. ఆ శిఖరం మీద ధర నెలంతా నిలబడిందనుకున్నా రెండు యంత్రాలకు వచ్చేది దాదాపు 31,000, కరెంటుకు పోయేది 45,600. నగల మీద వడ్డీ మరో 1,800.

దాని మీద పన్ను. బిట్‌కాయిన్ లాంటి వర్చువల్ డిజిటల్ ఆస్తుల లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు ఉన్నాయి. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసివేయనివ్వరు. మైనింగ్ ఏర్పాట్లకు పెట్టిన ఖర్చును కొన్న ధరగా పరిగణించబోమని ప్రభుత్వం 2022 మార్చిలో లోక్‌సభలోనే చెప్పింది. అంటే ఏ పవర్ సప్లై కోసం మీరు ఇంత ఆలోచిస్తున్నారో, దాని ధరలో ఒక్క రూపాయి కూడా పన్ను లెక్కలో మీకు ఉపయోగపడదు. చేతిలోంచి డబ్బు పోతున్న నెలలో కూడా వచ్చిన 31,000 మీద దాదాపు 9,700 పన్ను పడే పరిస్థితి ఇది. అన్నీ కలిపితే, చరిత్రలోనే అత్యధిక ధర ఉన్న నెలలో కూడా మీకు సుమారు 26,000 నష్టం.

ఇక ఈ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టిన సంగతికి వస్తాను. మీ ఇంటి ఖర్చు 38,000, డిపాజిట్ 2,30,000. తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, సరిగ్గా ఆరు నెలల ఖర్చును మీరు పక్కన పెట్టగలిగారు. నెల జీతం లేని మనిషి, ఐదుగురు తినే ఇంట్లో, ఇంటి రుణం కడుతూ ఇది కూడబెట్టడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో నేను ఊహించగలను. అందులోంచి 80,000 తీస్తే 1,50,000 మిగులుతుంది. యంత్రాలు పెట్టిన తర్వాత రెండు నెలల కరెంటు బిల్లులు దానిలోంచే కడితే 59,000 లోపు మిగులుతుంది. ఆరు నెలల భద్రత మూడో నెల మొదటికి నెలన్నరకు వచ్చేస్తుంది. ఆ నెలలో అమ్మగారికి ఆసుపత్రి అవసరం వస్తే, లేక మీ చేతికి దెబ్బ తగిలి దుకాణం నెల రోజులు మూతపడితే, కుదువపెట్టడానికి ఇంట్లో నగలు కూడా ఉండవు. అవి అప్పటికే యంత్రాల కింద ఉంటాయి. స్వయం ఉపాధిలో ఉన్నవారికి ఆరు నెలలు కూడా తక్కువే. మీకు నేను చెప్పే లెక్క తొమ్మిది నెలలు, అంటే 3,42,000. మీరు ఇప్పుడు దానికి 1,12,000 దూరంలో ఉన్నారు. నెలకు మిగిలే 24,000లో 14,000 అందులో వేస్తే ఎనిమిది నెలల్లో చేరతారు. ఈ ఎనిమిది నెలలు ఇంకే పథకం వైపూ చూడకండి.

నూటికి రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతం. బ్యాంకులో ఇంతకన్నా తక్కువకు దొరుకుతుంది, కానీ అక్కడికి వెళ్లమని కూడా నేను చెప్పను. రోజురోజుకూ విలువ పడిపోయే యంత్రం కోసం, విలువ నిలిచే బంగారాన్ని, అందులోనూ అమ్మ బంగారాన్ని, ఏ వడ్డీకైనా తాకట్టు పెట్టడం తప్పు. 2021లో ఇలాగే అప్పుచేసి గ్రాఫిక్స్ కార్డులు కొని, బిట్‌కాయిన్ లాంటిదే అయిన ఈథీరియం మైనింగ్ పెట్టిన ఒక కుటుంబం నా దగ్గరికి వచ్చింది. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం మైనింగ్ పద్ధతినే వదిలేసింది. కార్డులు ఒక్క రోజులో పనిలేనివయ్యాయి, అప్పు మాత్రం వాయిదాల ప్రకారం నడిచింది.

అగ్ని బీమా గురించి కూడా ఒక మాట. ఇంటి రుణంతో వచ్చిన పాలసీ నివాసం కోసం వాడే ఇంటికి ఇచ్చినది. పగలూ రాత్రీ ఆరున్నర కిలోవాట్లతో వ్యాపారం నడిచే గది ఆ షరతులకు లోబడదు, క్లెయిము వేసిన రోజున ఆ సంగతి తప్పక బయటపడుతుంది. షార్ట్ సర్క్యూట్‌తోనో లోపల వేడెక్కో కాలిపోయిన విద్యుత్ పరికరం నష్టాన్ని మామూలు అగ్ని బీమా పాలసీలు మినహాయిస్తాయి కూడా. ఎస్19 ఎన్నాళ్లయినా కొననక్కరలేదు గానీ, మీ పేరున ఉన్న టర్మ్ బీమా ఎంతో, అమ్మగారికి ఆరోగ్య బీమా ఉందో లేదో రాయండి. ఉత్తరంలో వాటి ప్రస్తావనే లేదు.

బిట్‌కాయిన్ మీద అంత నమ్మకం ఉంటే, తొమ్మిది నెలల నిధి పూర్తయ్యాక, మొత్తం పోయినా ఇంటికి తెలియనంత చిన్న మొత్తంతో నాణేన్నే కొనుక్కోండి. యంత్రాలు అమ్ముతున్నవారికి ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పండి. బయానా 5,000 తిరిగి ఇవ్వకపోతే దాన్ని వదిలేయండి. ఆ నగల మీద మీరు కట్టవలసి వచ్చే మూడు నెలల వడ్డీ కన్నా అది తక్కువే.