పూరీ రథయాత్రకీ పటచిత్రాలకీ సంబంధం ఏమిటి?

పటచిత్రాలంటే గుడ్డ మీద గీసే సంప్రదాయ బొమ్మలు. రథయాత్రతో వాటికి చాలా దగ్గరి సంబంధం, అదీ రథం కదలకముందే మొదలవుతుంది. జ్యేష్ఠ పౌర్ణమి నాడు 108 కుండల నీళ్లతో స్నానం చేయించాక జగన్నాథుడికి, అన్నకీ చెల్లికీ జ్వరం వస్తుందని నమ్మకం, అందుకే దాదాపు 15 రోజులు దర్శనం ఉండదు. ఆ రోజుల్లో మూలమూర్తులకు బదులు చిత్రకారులు గుడ్డ మీద గీసిన మూడు పటాలకే పూజ చేస్తారు. బొమ్మే దేవుడైపోతుంది, నాకు బాగా నచ్చేది ఇదే!

పూరీ దగ్గరి రఘురాజపూర్‌లో ఇప్పటికీ ఇంటింటా ఈ పని చూడొచ్చు: నూలు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దపొడి పట్టించి, ఆరాక రాయితో రుద్ది నునుపు చేసి, శంఖం పొడితో తెలుపు, దీపపు మసితో నలుపు, ఇంగిలీకం అనే ఖనిజంతో ఎరుపు వేస్తారు. ఏటా కొత్తగా కట్టే రథాల మీది బొమ్మలకు రంగులద్దేదీ చిత్రకారులే.