క్లినిక్ పునఃతనిఖీకి కొత్త ఆటోక్లేవ్ కొంటే సరిపోతుందా?

మొదటి తనిఖీలో పరికరాల శుద్ధిలో లోపాలు రాశారని, కొత్త ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో పరికరాల మీది క్రిములను చంపే యంత్రం) కొన్నామని, రెండోసారి వచ్చినప్పుడు ఇంకేమి చూస్తారని అడిగారు. నేను ఒక దంత వైద్యశాలలో చాలాకాలం శుద్ధి గది బాధ్యత చూశాను. మేమూ ఈ దారిలోనే వెళ్ళాం. యంత్రం కొనడం మంచిదే కానీ, రెండో తనిఖీలో దాని బిల్లు మీద పెద్దగా చూపు నిలవదు. కొన్ననాటి నుంచి ప్రతిరోజూ ఎలా వాడారన్నదే అడుగుతారు.

మా మొదటి తనిఖీలో అధికారి సొరుగులోంచి ఒక పౌచ్, అంటే శుద్ధి చేసిన పరికరాన్ని ఉంచే కాగితపు సంచి, తీసి దీపం కిందికి తెచ్చారు. లోపల నోరు చూసే అద్దం పక్కన సన్నగా చెమ్మ. తడిసిన కాగితం గుండా క్రిములు లోపలికి చేరతాయి, కాబట్టి ఆ పౌచ్ శుద్ధమైనదిగా లెక్కకు రాదు. హ్యాండ్‌పీసులను (పన్ను తొలిచే మర పరికరాలను) రోగికీ రోగికీ మధ్య స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ వాడుతున్నాం. వాటి లోపలి గొట్టాల్లోకి లాలాజలం, రక్తం చేరతాయి, పైపైన తుడిస్తే అవి పోవు. ఇక రోజువారీ శుద్ధి వివరాలు రాసే రిజిస్టర్‌లో నెల రోజుల టిక్కులూ ఒకే కలంతో, ఒకే వాలులో ఉన్నాయి. అవి నేను ఒక్క సాయంత్రం కూర్చుని పెట్టినవి. ఆయన ఆ పేజీని ఫోటో తీసుకున్నారు, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండోసారి వచ్చినప్పుడు ఆయన డాక్టరుగారితో మాట్లాడింది తక్కువ. కొత్తగా చేరిన సహాయకురాలిని పిలిచి, "ఇప్పుడే వాడిన ట్రే ఇదనుకోండమ్మా, ఏం చేస్తారో చేసి చూపించండి" అన్నారు. ఆ అమ్మాయి మందపాటి గ్లవ్స్ వేసుకుని, ట్రేను మురికి వైపు పెట్టి, ధ్వని తరంగాలతో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ తొట్టిలో శుభ్రం చేసి, కడిగి, ఒక్కొక్కటీ భూతద్దం కింద తిప్పి చూసింది. పళ్ళ గార గీకే ఒక స్కేలర్ కొసన ఆవగింజంత సిమెంటు కనిపించింది. ఎవరూ చెప్పకుండానే దాన్ని మళ్ళీ తొట్టిలో వేసింది. ఆయన అక్కడ ఏదో రాసుకున్నారు.

తర్వాత రిజిస్టర్. మధ్యలో ఒక వారం మా స్పోర్ టెస్ట్ ఫెయిల్ అయింది. పౌచ్ మీద రంగు మారే గుర్తు ఆవిరి వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది. మొండి క్రిములు నిజంగా చచ్చాయా అన్నది స్పోర్ టెస్టే చెబుతుంది. ఆ పేజీ దాచేద్దామని మాలో ఒకరు అన్నారు, నేను ఒప్పుకోలేదు. ట్రేలో పౌచ్‌లు ఒకదాని మీద ఒకటి కుక్కడం వల్ల ఆవిరి ఆడలేదని గుర్తించి, యంత్రాన్ని ఆపి, ఆ వారం పరికరాలన్నీ వెనక్కి తెప్పించి, పరీక్ష మళ్ళీ చేసి, తేదీలతో సహా రాసి ఉంచాం. ఆయన ఎక్కువసేపు చూసింది ఆ పేజీనే. మా రికార్డును నమ్మింది కూడా అక్కడే అని నాకు గట్టిగా అనిపించింది. పాత తేదీలకు ఇప్పుడు కూర్చుని టిక్కులు పెట్టకండి. ఖాళీ ఉంటే ఖాళీగానే వదిలి, ఏ రోజు నుంచి సరిదిద్దుకున్నారో రాయండి.

ఆటోక్లేవ్‌లో 134 డిగ్రీల సైకిల్ నడిపితే ఆ వేడి కనీసం 3 నిమిషాలు నిలవాలి. యంత్రం ఇచ్చే ప్రింటును రోజూ రిజిస్టర్‌కు జతచేయండి. దంత వైద్య కుర్చీ గొట్టాల్లోంచి రోగికీ రోగికీ మధ్య 20 నుంచి 30 సెకన్లు నీటిని వదిలేయాలి. అత్యవసర మందుల పెట్టెలో అడ్రినలిన్ గడువు తేదీ, ఆక్సిజన్ సిలిండర్ మట్టం, సిబ్బంది హెపటైటిస్ బి టీకా రికార్డు, వాడిన సూదుల డబ్బా ముప్పావు వంతు నిండగానే మూసే అలవాటు ఇవి కూడా అడుగుతారు. నిబంధనలు చోటును బట్టి మారతాయి కనుక మీకిచ్చిన నివేదికనే పట్టుకోండి. అందులోని ప్రతి లోపానికీ ఏమి చేశారు, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అన్నది రాసి, రుజువు జతచేయండి. గడువులోగా కానిది ఏదైనా ఉంటే వాళ్ళు రాకముందే ఉత్తరం ద్వారా తెలియజేయండి.

రేపు ఉదయం మీ క్లినిక్‌లో అందరికన్నా కొత్తవారికి ఒక వాడిన ట్రే ఇచ్చి, మీరు మాట్లాడకుండా పక్కన నిలబడండి. వాళ్ళ చేయి ఎక్కడ తడబడిందో చూసి, ఆ పని పద్ధతిని రాసి సరిగ్గా అక్కడే గోడకు అంటించండి.