కిరాణా కొట్టాయనకు అప్పు ఇవ్వాలా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా వీధిలో నెల్లూరు ఆయన కిరాణా కొట్టు నడుపుతున్నారు. పక్క షట్టర్ కూడా తీసుకుంటారట, రెండు లక్షలు రెండు రూపాయల వడ్డీకి అడిగారు. చిన్న వ్యాపారులకు మనమే అండగా ఉండాలని నాకు ఉంది. మావారేమో ‘యాప్‌లో చవగ్గా వస్తుంటే కొట్టెందుకు, అప్పెందుకు’ అంటున్నారు.

జవాబు: కొనే విషయంలో మీ మాట సబబు, అప్పు విషయంలో మీవారిది.

యాప్‌లో కందిపప్పు ధర ఒక్కటే చూడకండి. బిల్లు అడుగుదాకా చదవండి. డెలివరీ, హ్యాండ్లింగ్, చిన్న ఆర్డరైతే దానికింత, వీటి మీద మళ్లీ జీఎస్టీ. ఆఫరని వేసుకున్న చిప్స్ సంగతి సరేసరి! ఒక నెల బియ్యం, పప్పులు, నూనె చీటీ రాసి కొట్లో తెప్పించి పోల్చండి. అన్నీ అక్కడే చవకని నేననను. డైపర్లు యాప్‌లో తక్కువకొస్తే అక్కడే కొనండి.

కొట్లో ఇచ్చిన డబ్బు అద్దెగా, సరుకులు మోసే కుర్రాడి జీతంగా చాలావరకు ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. 2004లో షికాగోలోని ఆండర్సన్‌విల్ అనే పేటలో లెక్కగడితే, 100 డాలర్ల ఖర్చులో స్థానిక దుకాణాలవి 68, చైన్ స్టోర్లవి 43 షికాగోలోనే మిగిలాయి. మన వీధికి అవే అంకెలు రాకపోవచ్చు.

ఇక అప్పు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. కిరాణాలో మిగిలేదే అంతంతమాత్రం, అందులోంచి నెలకు నాలుగు వేలు మీకు కట్టాలి. సాయమని ఇచ్చి ఆయన నెత్తిన బరువు పెట్టినట్టే. రెండు నెలలు వడ్డీ ఆగిందా, పాల ప్యాకెట్‌కు వెళ్లడానికి కూడా మీకు మొహమాటం.

ఆయన్ని ముద్ర రుణానికి, అంటే చిన్న వ్యాపారులకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద బ్యాంకులిచ్చే అప్పుకు వెళ్లమనండి. 50 వేలు దాటి 5 లక్షల దాకా ‘కిశోర్’ కింద ఇస్తారు, తాకట్టు అక్కర్లేదు. ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) ఉచితం, ఏజెంటుకు పైసా ఇవ్వొద్దనండి. 2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి జీఎస్టీ నోటీసులు రావడంతో బెంగళూరులో చాలా కొట్లవాళ్లు క్యూఆర్ స్టిక్కర్లు పీకేశారు. ఆ భయం అర్థమవుతుంది గానీ, బ్యాంకువాళ్లు చూసేది ఖాతాలో పడ్డ అమ్మకాలనే. సరుకుల వ్యాపారానికి ఏటా 40 లక్షల టర్నోవర్ దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి.

అయినా ఇవ్వాలనిపిస్తే, ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టాక, పోయినా ఫర్వాలేదనుకునే మొత్తమే ఇవ్వండి. 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకుంటే ఆయనకు పెనాల్టీ పడొచ్చు, బ్యాంకులోనే వేయండి. ప్రామిసరీ నోటు రాయించుకోండి. వడ్డీని మీ ఆదాయపు పన్ను రిటర్నులో చూపాలి. కొట్లో మీ ఖాతా బాకీ ఏమైనా ఉంటే ముందు అది కట్టేయండి.