గ్రౌండు మాత్రం వదలకు

నాయనా,

నిన్న ఫోన్లో నీకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పక్కన మనవరాలు గోల చేస్తోంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మన హైస్కూల్ గ్రౌండులో పొద్దున్నే నువ్వు ఉచితంగా క్రికెట్ నేర్పే పిల్లల్లో ముగ్గురు మంచి ఆటగాళ్లను కొత్త అకాడమీ వాళ్లు తీసుకుపోయారు. "నేను తయారు చేస్తే వాళ్లు ఫ్లెక్సీ మీద ఫొటో వేసుకుంటారా మాస్టారూ?" అన్నావు. వేసుకుంటారు. నేను పీఈటీగా ఉన్నప్పుడూ వేసుకున్నారు. అలవాటు చేసుకో.

నేను చేసిన తప్పు మాత్రం నువ్వు చేయకు. నా సర్వీసు చివర్లో ఒక లెఫ్టార్మ్ కుర్రాడు ఉండేవాడు. వాళ్ల నాన్న అప్పు చేసి వాణ్ణి అకాడమీలో వేశాడు. నేను ఉక్రోషం పట్టలేక, అందరి ముందూ ఆయన్ని పట్టుకుని "మా చెమట తీసుకెళ్లి వాళ్లకు అమ్ముకుంటున్నారు" అనేశాను. ఆరు నెలలకు ఫీజు కట్టలేక అకాడమీ మానిపించారు. మా గ్రౌండుకు రావడానికి వాడికి మొహం చెల్లలేదు. సాయంత్రం సైకిల్ మీద వచ్చి, ప్రహరీ గోడ దగ్గర ఒక కాలు నేలమీద ఆనించి కాసేపు చూసి వెళ్లిపోయేవాడు. నేనూ పిలవలేదు. పిలిచి ఉండాల్సింది.

కాబట్టి ఆ ముగ్గురి ఇళ్లకూ నువ్వే వెళ్లు. "బాగా ఆడండిరా, వీలున్నప్పుడు ఆదివారం పొద్దున రండి" అని చెప్పు. తల్లి వినేలా చెప్పు. ఫీజు ఆగిపోయే రోజు ముందు ఆమెకే తెలుస్తుంది.

పైగా అకాడమీ వల్ల పిల్లలకు కొంత లాభం ఉంది, ఒప్పుకోవాలి. మనవాళ్లు టెన్నిస్ బంతితో సిక్సర్లు కొడతారు గానీ, 156 గ్రాముల లెదర్ బంతి పక్కటెముకల మీదికి వస్తే కళ్లు మూసుకుంటారు. అది రోజూ ఎదుర్కొంటేనే భయం పోతుంది. సిరాజ్‌ను చూడండి, ఆటో నడిపే తండ్రి కొడుకు, టెన్నిస్ బంతితోనే ఎదిగాడు అంటారు. నిజమే. కానీ చార్మినార్ క్రికెట్ క్లబ్బు తరఫున లెదర్ బంతితో లీగు మ్యాచులు ఆడాకే కదా రంజీ జట్టులోకి వెళ్లాడు!

అయితే ఒక మాట పిల్లల తల్లిదండ్రుల చెవిన వెయ్యి. ఎస్జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) అండర్-14, అండర్-17 పోటీల్లో పిల్లాడు ఆడేది బడి తరఫునే, అకాడమీ తరఫున కాదు. ఆ ముగ్గురూ మన బడి పిల్లలే కాబట్టి జోనల్ సెలక్షన్స్‌కి మనవాళ్లే. కోపంతో పేర్లు కొట్టేయకు. ఇంకోటి, వయసు తగ్గించి రాయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే విననివ్వకు. బీసీసీఐ అండర్-16 పిల్లలకు మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తుంది. అక్కడ తహసీల్దారు సంతకం పనిచేయదు.

ఇక అసలు సంగతి. పిల్లలు పోతే మళ్లీ వస్తారు. నాకు భయమల్లా గ్రౌండు గురించే. నువ్వు చివర్లో తేలిగ్గా చెప్పి వదిలేశావు గానీ, అకాడమీ వాళ్లు సిమెంట్ పిచ్, రెండు నెట్లు, బోరు వేయిస్తామని హెడ్మాస్టారి దగ్గరికి వచ్చారన్నావు చూడు, నాకు నిద్ర పట్టనిది దానికే. మొదట సాయంత్రం రెండు గంటలంటారు. తర్వాత వేసవి క్యాంపు అంటారు. ఆ తర్వాత గేటుకు తాళం, తాళంచెవి వాళ్ల వాచ్‌మన్ దగ్గర. పక్క మండలంలో ఇదే జరిగింది. అక్కడి ఆడపిల్లలు ఖోఖో కోర్టు గీసుకోవడానికి కూడా చోటు లేక ఆట మానేశారు.

వద్దని పోట్లాడకు, మనకూ పిచ్ కావాలి. హెడ్మాస్టారితో, స్కూల్ కమిటీతో కూర్చుని కాగితం మీద రాయించు. ఏ రోజు, ఎన్నింటినుంచి ఎన్నింటిదాకా, ఎన్నేళ్లు. తాళంచెవి బడిలోనే ఉండాలి. ఒక నెట్ బడి పిల్లలకు ఎప్పుడూ ఉచితం. పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు నీదే. ఆ కాగితం జెరాక్స్ తీసి నోటీసు బోర్డులో అంటించు. మాట మీద ఒప్పుకున్నావా, హెడ్మాస్టారు బదిలీ అయిన రోజే మాటా బదిలీ అవుతుంది.

మిగిలిన ఇరవైరెండు మందిని చూసి దిగులు పడకు. ఒకే జత ప్యాడ్లను ఇద్దరు పంచుకుని, ముందు కాలికి ఒక్కటే కట్టుకుని బ్యాటింగ్ చేసిన బ్యాచీలో నువ్వూ ఉన్నావు. నువ్వేమీ జిల్లాకు ఆడలేదు. అయినా పొద్దున్నే ఐదున్నరకు లేచి వెళ్తున్నావు కదా.

ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. అటక మీద పాత ప్యాడ్లు రెండు జతలున్నాయి, బకిల్స్ ఊడిపోయాయి. చెప్పులు కుట్టేవాడి చేత వేయించి తెస్తాను. నువ్వు ఆ ఒప్పందం చిత్తు రాసి ఉంచు, చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు