వెదురు వద్దంటే వద్దు

అమ్మలూ,

నువ్వు ఆ ఇరవై అడుగుల ఫైబర్ పడవకి చైనా జంకు ఓడల వాటంగా తెరచాప కుడుతున్నావనీ, సంక్రాంతి వెళ్లాక కళింగపట్నం నుంచి భీమిలి దాకా ఒక్కదానివే పోతావనీ మీ నాన్న ఫోన్ చేశాడు. మీ పెద్దమ్మ ఒకటే రుసరుస. నేనేమీ అనలేదు. రాత్రి అటకెక్కి, ఓడల్లో కాన్వాసు కుట్టే రోజుల్లో అరచేతికి తొడుక్కునే తోలు పట్టీ దింపి కొబ్బరినూనె రాశాను. బస్సులో పంపిస్తున్నా. బొటనవేలి దగ్గర వదులుగా ఉంటే దారం చుట్టుకో.

గుడ్డ, దారం సంగతి నీకు తెలిసిందే. పాలిస్టరు గుడ్డ, ఎండకి ఆగే పాలిస్టరు దారం, జిగ్‌జాగ్ కుట్టు, చుట్టూ తాడు. చాపకి అడ్డంగా వేసే బద్దలకి అల్యూమినియం గొట్టాలు. వెదురు వద్దు. వద్దంటే వద్దు.

నీకు రెండేళ్లప్పుడు నేనూ మీ నాన్నా ఇలాంటి చాపే కట్టాం. హాంకాంగ్ రేవులో జంకుల్ని చూసొచ్చినవాణ్ణి కదా, నాకన్నీ తెలుసనుకున్నాను. చదును చాప ఎదురుగాలికి సరిగా ఎక్కదని విన్నాను. దానికి నా బుర్రకి తోచిన మందు సన్నటి వెదురు బద్దలు. గాలి కొడితే అవే వంగుతాయి, చాపకి పొట్ట దానంతటదే వస్తుంది అనుకున్నాను.

వైశాఖమాసం. నైరుతి గాలిని వీపున పెట్టుకుని లైటుహౌసు దాటి ఎగిరిపోయాం. మీ నాన్న పాటలు ఎత్తుకున్నాడు. మధ్యాహ్నం వెనక్కి తిప్పాం. గాలి మెత్తగా ఉన్నంతసేపూ ఆ వెదుళ్లు బిగుసుకునే ఉన్నాయి. చాప తలుపుచెక్కలా నిలబడింది. పడవ ముక్కు గాలివైపే చూస్తోంది గానీ ఒళ్లంతా పక్కకి జారిపోతోంది. సాయంత్రానికి గాలి ముదిరింది. అప్పుడు వంగాయి మహాతల్లులు! కావాలన్నప్పుడు రాని పొట్ట, వద్దన్నప్పుడు కుండంత వచ్చింది. పడవ ఒరిగింది. కింద నుంచి మూడో బద్ద టపీమని పేలి, దాని పెచ్చు గుడ్డని జానెడు చీల్చింది. లైటుహౌసు దీపం వెలిగింది. ఇటు తిప్పి అటు తిప్పి ఎంత అల్లాడినా, తిప్పిన ప్రతిసారీ ఆ దీపం కాస్త చిన్నదవుతోంది. మీ నాన్న బక్కెట్టుతో నీళ్లు తోడుతూ ఒక్కసారి నీ పేరు అన్నాడు. ఆ తర్వాత మేమిద్దరం మాట్లాడుకోలేదు. తెల్లారేసరికి భావనపాడు ఇసకలో పడున్నాం. వల లాగేవాళ్లు చద్దన్నం పెట్టారు.

తప్పెక్కడో రెండేళ్ల తర్వాత మీ పెద్దమ్మ జాకెట్టు కత్తిరిస్తుంటే తెలిసింది. చదును గుడ్డ ఒంటికి గుండ్రంగా కూర్చోవాలంటే ఆవిడ అంచుని వంపుగా కోస్తుంది, డాట్ వేస్తుంది. చాపకీ అంతే. బద్ద తిన్నగా ఉండాలి, పొట్ట గుడ్డలో ఉండాలి. 1990ల్లో నార్వేలో ఆర్నే క్వెర్నెలాండ్ అనే ఆయన కూడా బద్దకీ బద్దకీ మధ్యనుండే ఒక్కో గడినీ పీపా వాటంగా విడిగా కోసి కలిపాడని తర్వాత విన్నాను. ఆయన ఇంట్లో జాకెట్లు ఎవరు కుట్టేవారో మరి.

నీ చాప వెడల్పు 3 మీటర్లు, బద్దకీ బద్దకీ మధ్య 80 సెంటీమీటర్లు అన్నావట. నూటికి 8 వంతుల పొట్ట చాలు, అంటే 24 సెంటీమీటర్ల లోతు. దానికి గడి పై అంచూ కింది అంచూ ఒక్కోటి దాదాపు 9 సెంటీమీటర్లు బయటికి వంపు తిరగాలి. ఆ వంపు ఎత్తు నడిమధ్య రాకూడదు, ముందు అంచు నుంచి మూడో వంతు దాటగానే రావాలి. పై రెండు గడులకీ సగమే ఇయ్యి. గాలి ముదిరి కింది గడులన్నీ దింపేశాక నీకు మిగిలేవి అవే. ముందు ఒక్క గడి బరకంతో కుట్టి, రెండు గెడలకి కట్టి, డాబా మీద గాలికి పట్టి చూడు. మంచి గుడ్డకి ఆ తర్వాతే కత్తెర పెట్టు.

బ్రిటిషు నావికుడు హాస్లర్ 1960లో ఇలాంటి చదును చాపతోనే ఒక్కడూ 48 రోజుల్లో అట్లాంటిక్ దాటాడుగా అంటావు, నీ వాదన నాకు తెలుసు. దాటాడు. ఆయనకి చుట్టూ సముద్రమే. నీకు ఒక పక్క ఎప్పుడూ ఒడ్డే.

ఈశాన్యపు గాలిలో భీమిలి వెళ్లడానికి దుప్పటి కట్టినా చాలు. ఈ కత్తిరింపంతా తిరిగి రావడానికే. అందుకని మన ఊరి ముందే పదిసార్లు ఎదురుగాలికి ఎక్కించు. వంశధార మొగలో మాత్రం వద్దు, అక్కడ ఇసక మేటలు ఉన్నచోట ఉండవు. అక్టోబరు, నవంబరుల్లో అసలు పడవ దించకు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వెళ్లాక మన కొబ్బరితోట ఎలా పడుందో నువ్వూ చూశావు.

ఇంకోటి. ఈ చాప తాడు వదిలితే మడత మీద మడతగా దానంతటదే దిగుతుంది. నువ్వు మొండిదానివి, చివరిదాకా పట్టుకుంటావు. పట్టుకోకు తల్లీ, వదిలెయ్యి.

ఈ ఉత్తరం మీ నాన్నకి చూపించకు. ఆ రాత్రి చుక్కాని తానే పట్టాడని వాడలో ఇప్పటికీ చెప్పుకుంటాడు. చెప్పుకోనీ.

పెదనాన్న